రేకు చప్పుడు, చెక్క చప్పుడు

రిటైరైన ఇంజనీర్లు తమ సర్వీసు గురించి రాసేటప్పుడు ముప్పై ఏళ్లనో ముప్పై అయిదేళ్లనో మొదలుపెడతారు. నాది ఆరేళ్లు. ముప్పై ఏళ్ల వయసులో రాజీనామా ఇచ్చి ఇంటికి వచ్చేశాను. అంత తక్కువ సర్వీసుకు అనుభవాలేమిటని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. వచ్చే నెల నా కుర్చీలోకి ఇంకో అమ్మాయి వస్తోందని తెలిసింది. కొత్తగా కాలేజీ నుంచి వస్తోందట. ఫైళ్ల గురించి ఆమెకు చెప్పేవాళ్లు ఆఫీసు నిండా ఉన్నారు. లాంచి గురించి చెప్పగలిగినవాళ్లు ఇద్దరే. ఆ ఇద్దరూ నా తప్పు ఆమెకు చెప్పరు. చెప్పకుండా దాస్తారు, నా మీద దయతో. అందుకే నేను రాస్తున్నాను.

తప్పు ఏమిటో ముందే చెబుతాను. నా మాట వల్ల ఒక మనిషి కాలు పోయింది. ఆ మాట నాది అని నేను చెప్పనందువల్ల ఇంకో మనిషి ఉద్యోగం పోబోయింది. రెండేళ్లు దాటింది. అది నిజంగా జరిగిందని ఇప్పటికీ ఒక్కోసారి నమ్మబుద్ధి కాదు. పాప పడుకున్నాక రాయడానికి కూర్చున్నాను, ఊపిరి ఆడుతోందో లేదో అని ఇప్పటికే రెండుసార్లు లేచి చూసి వచ్చాను.

లాంచి

ఖానాపూర్ దాటి అడవి దారిలో వెళితే మా జలాశయం. పేరు రాయను. నేను సుల్తానాబాద్‌లో పుట్టి పెరిగి, మెకానికల్ చదివి, తొంభైల మొదట్లో అక్కడ చేరాను. గేట్లు, గేట్లను ఎత్తే మోటార్లు, ఒక లాంచి నా కింద ఉండేవి. గేట్ల పని పుస్తకాల్లో ఉంది. లాంచి పని ఏ పుస్తకంలోనూ లేదు.

ఆ లాంచి ఒకప్పుడు మంత్రుల్లాంటి పెద్దవాళ్లు నీళ్ల మీద తిరగడానికి తయారుచేయించినది. ముందు భాగంలో స్టీరింగ్, దాని వెనకే పన్నెండు మంది కూర్చునే గది, గదికి కిటికీలు, కర్టెన్లు. గది వెనక చిన్న డెక్. నేను చేరేనాటికి పెద్దవాళ్లు రావడం మానేశారు. అవతలి ఒడ్డున ఉన్న గూడేలకు టీచర్లను, నర్సులను తీసుకెళ్లడానికి, నీటిమట్టం రాసుకోవడానికి వాడేవాళ్లం. కానీ దాని ఆకారం అలాగే ఉంది కాబట్టి నడిపేవాడికి ముందు మాత్రమే కనిపిస్తుంది. వెనక్కి తిరిగితే గది గోడ.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మా లాంచి నిలిచే చోటు కట్టలోకి తవ్విన ఒక పాయ. రెండు పక్కలా ఒకేలాంటి రాతి గోడలు, పశువుల కొట్టంలో ఒక గాడి ఉన్నట్టు. లాంచి ముక్కు లోపలికి పెట్టి ఆగుతుంది. బయటికి రావాలంటే ప్రతిసారీ వెనక్కే రావాలి. అంటే రోజూ అత్యంత ఇరుకైన చోట, ఏమీ కనిపించని దిక్కుకు నడపాలి.

ఇంకో సంగతి. లాంచి వెనక్కి నడిచినప్పుడు నీళ్లలోని పంకా అడుగు బురదను లేపుతుంది. బురదతో పాటు పరక చేపలు పైకి వస్తాయి. అది తెలిసిన చేపలవాళ్లు సరిగ్గా ఇంజను చప్పుడు వినగానే వలలు తీసుకుని, పుట్టీల్లో, అంటే గుండ్రటి బుట్ట పడవల్లో, పాయలోకి దూరేవాళ్లు. ఎంత చెప్పినా వినేవాళ్లు కాదు. చెప్పే హక్కు మాకు ఎంతుందో నాకూ తెలియదు. ఆ నీళ్ల కింద మునిగినవి వాళ్ల చేలే.

డ్రైవర్ రాజలింగు. నస్పూర్‌లో బొగ్గు లారీ నడిపి, తర్వాత ఇక్కడికి వచ్చాడు. లారీ అద్దాలు రెండు తెచ్చి లాంచి ముందుగదికి చెరో పక్క తనే బిగించుకున్నాడు. పక్కలు కనిపించేవి, వెనక కనిపించేది కాదు. వెనక చూసేవాడు పోశన్న. డ్యాం కట్టే రోజుల్లో కూలీగా వచ్చి ఖలాసీ అయినవాడు. చేతిలో వెదురు కట్టెతో వెనక డెక్ మీద నిలబడేవాడు. డెక్ ఎడమ అంచు ఎప్పుడో కుళ్లిపోతే రేకు వేశారు. కుడి అంచు పాత టేకు చెక్క. ఎడమకు పుట్టి ఉంటే పోశన్న రేకు మీద కొట్టేవాడు, కుడికి ఉంటే చెక్క మీద. ఒక దెబ్బ అంటే ఆగు, రెండు అంటే రా. రాజలింగు వెనక్కి చూడకుండా, ఆ చప్పుడుకు తగ్గట్టు స్టీరింగ్ తిప్పేవాడు. బస్సు కండక్టర్ రేకు చరిచి డ్రైవర్‌ను వెనక్కి రప్పించినట్టే, కాకపోతే ఇద్దరూ ఇంకొంచెం నిపుణులు.

మొదటి వారం

నా మొదటి పై అధికారి ఒక డిప్యూటీ ఇంజనీర్. అప్పటికే రిటైర్‌మెంటుకు దగ్గరలో ఉన్నాడు. నేను చేరిన మూడో రోజున నన్ను లాంచి వెనక డెక్ మీద పోశన్న పక్కన నిలబడమన్నాడు. పొద్దున నుంచి సాయంత్రం దాకా. డిగ్రీ చదివిన ఆడపిల్లను ఏడిపించడానికే పెట్టాడనుకుని ఎండలో ఉక్రోషంతో నిలబడ్డాను. సాయంత్రం ఏం నేర్చుకున్నావని అడిగితే, పోశన్న కట్టెతో కొడతాడని చెప్పాను. ఎప్పుడు కొట్టడో చూశావా అని అడిగాడు. చూడలేదు. మర్నాడు మళ్లీ నిలబెట్టాడు.

అప్పుడు చూశాను. పుట్టి దగ్గరికి వచ్చినా దాని తెడ్డు బయటి దిక్కుకు తిరిగి ఉంటే పోశన్న కొట్టేవాడు కాదు. దూరంగా ఉన్నా, అందులోని మనిషి నీళ్లలోకి వంగి ఉంటే కొట్టేవాడు. పోశన్న చూసేది పుట్టిని కాదు, పుట్టిలో మనిషి ఇటు చూస్తున్నాడా లేదా అని.

ఆ పెద్దమనిషి ఏడాదికి రిటైరయ్యాడు. మోటార్ల గురించి ఆయనకు తెలిసింది తక్కువే. వేలిముద్ర వేసేవాడి దగ్గర నిలబడి నేర్చుకోవచ్చని మాత్రం తెలుసు. ఆయన నేర్పింది మూడేళ్లలో నేనెలా మర్చిపోయానో నాకే అర్థం కాదు.

దుబాయి డబ్బా

మా ఆయన వాళ్ల అన్న మల్లేశ్ బావ దుబాయిలో పడవల వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్. ఓ ఎండాకాలం సెలవుకు వచ్చినప్పుడు లాంచి చూపించాను. నడిపే చోట నిలబడి వెనక్కి చూసి నవ్వాడు.

"షేకుల యాట్‌లు దీనికి పదింతలుంటయి మరదలా. ఎనుక ఒక కెమెరా పెడ్తరు, ముందట టీవీల సూసుకుంట రివర్స్ కొడ్తరు. గీ కట్టె కొట్టుడేంది, పెండ్లి బ్యాండు లెక్క?"

పోశన్న కూడా నవ్వాడు. నేను సిగ్గుపడ్డాను.

బావ తన సామానులో నుంచి ఒక చిన్న కెమెరా, కారులో పెట్టుకునే నలుపు తెలుపు టీవీ తీసి ఇచ్చాడు. ఎవరో దుకాణంవాళ్ల కోసం తెచ్చాడట, వాళ్లు వద్దన్నారట. ఇస్తూ ఒక మాట అన్నాడు. "గిది దుకాణం కెమెరా. యాట్ మీదిది వేరే ఉంటది." నేను అడిగిన ప్రశ్న ఒక్కటే, వానకు తట్టుకుంటుందా అని. అద్దాల పెట్టెలో పెట్టమన్నాడు. ఎలా వేరే అని అడగలేదు. ఇంజనీరుగా నేను అడగాల్సింది ఆ ఒక్క ప్రశ్న.

వానాకాలం మొదట్లో కెమెరాను లాంచి వెనక వైపు, టీవీని స్టీరింగ్ దగ్గర బిగించాను. పరీక్ష కూడా చేశాను. వెనక డెక్ నుంచి ఒక ఇనుప బకెట్‌ను తాడుతో వేలాడదీసి, ముందుకు వచ్చి టీవీ చూశాను. బకెట్ స్పష్టంగా కనిపించింది, దాని పిడితో సహా. చాలా సంతోషపడ్డాను. బకెట్‌ను సరిగ్గా నడుమ వేలాడదీశాను.

ఆ మూడు నెలలు నీళ్లు ఎర్రగా పోటెత్తి ఉన్నాయి. ఒక్క పుట్టి పాయలోకి రాలేదు. టీవీలో రెండు పక్కలా రెండు రాతి గోడలు, నడుమ నీళ్లు. ఒక గోడ రెండో గోడలాగే ఉంటుంది. రాజలింగు నేరుగా వచ్చి నేరుగా వెళ్లేవాడు.

గేట్ల దగ్గర గ్రీజు పెట్టడానికి మనుషులు చాలడం లేదు. లాంచికి ఇక వెనక మనిషి అక్కర్లేదు, పోశన్నను గేట్లకు పంపుదామని మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్, ఈఈ గారికి చెప్పింది నేనే. ఆయన మెచ్చుకున్నాడు. పోశన్నకు చెప్పినప్పుడు అతను టీవీ ముందు చాలాసేపు వంగి చూశాడు.

"మంచిగనే ఉన్నది మేడం. అన్ని కనవడుతున్నయి. గని గిది ఒర్రుతదా?"

అరవాల్సిన పని లేదు, డ్రైవరే చూసుకుంటాడు కదా అన్నాను. తలూపి, వెదురు కట్టెను డెక్ మూలన పెట్టి గేట్ల మీదికి వెళ్లిపోయాడు.

ఆ గురువారం

దసరా అయిపోయి నీళ్లు తేరుకున్నాయి. నేను కడుపుతో ఉన్నాను, నాలుగో నెల. ఆ రోజు అవతలి గూడేనికి వెళ్లడానికి ఇద్దరు టీచర్లు, ఒక నర్సు గదిలో కూర్చున్నారు. నేను రాజలింగు పక్కన నిలబడ్డాను. ఇంజను మోగగానే, మూడు నెలల తర్వాత మొదటిసారి, పుట్టీలు పాయలోకి వచ్చాయి. టీవీలో చూస్తుండగానే ఒక్కొక్కటీ మళ్లీ బయటికి వెళ్లిపోయాయి. ఎవరు తోలుతున్నారో ఆలోచించలేదు. చివరికి ఒక్క పుట్టి మిగిలింది. టీవీలో ఎడమ వైపు, గోడ దగ్గర.

తోలింది పోశన్న. గేట్ల మీద నుంచి పుట్టీలు దూరడం చూసి, గ్రీజు చేతులతోనే కిందికి దిగి, చేపలవాళ్ల పుట్టి ఒకటి తీసుకుని లోపలికి వచ్చాడు. డెక్ మీద తన చోటు లేదు కాబట్టి నీళ్లలో నుంచి తన పని తను చేశాడు. అందరినీ పంపి తను మిగిలాడు, డెక్ మూలన తను పెట్టిపోయిన కట్టెను అందుకుని. టీవీలో చేతి వెడల్పంత బొమ్మలో ఆ మనిషి ఎవరో తెలియలేదు.

లాంచి కదిలింది. వెనక నుంచి ఒక్క దెబ్బ వినిపించింది. బరువైన, గుల్లగా లేని చప్పుడు.

రాజలింగు చెయ్యి ఆగింది. "మేడం, చెక్క దిక్కు చప్పుడైతుంది."

"టీవీల ఎడమకే కనవడుతుంది గద రాజలింగన్నా. కుడికి తిప్పు."

అతను నా ముఖం చూశాడు. తర్వాత టీవీ చూశాడు. లాంచి వెనక భాగాన్ని కుడికి తిప్పాడు.

తర్వాత విన్న చప్పుడు రేకుదీ కాదు, చెక్కదీ కాదు. ఏదో తడి బుట్ట నలిగినట్టు వినిపించింది. కేక కూడా రాలేదు. గదిలో నర్సు లేచి వెనక్కి పరుగెత్తింది. నేను టీవీ వైపే చూస్తూ నిలబడ్డాను. అందులో ఎడమ వైపు పుట్టి లేదు. కుడి వైపు నీళ్లు ఖాళీగా ఉన్నాయి. అంతా బాగానే ఉందని టీవీ చెబుతోంది.

పుట్టి లాంచికీ కుడి గోడకూ మధ్య నలిగింది. పోశన్న ఎడమ కాలు మోకాలు కింద రాళ్లకు నొక్కుకుని నుజ్జయింది. నర్సు తన చీర కొంగు చింపి తొడ దగ్గర బిగించింది. ఆమె లేకపోతే అతను బతికేవాడు కాదు. జీపులో కరీంనగర్ దాకా రాజలింగు అతని తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేను ముందు సీట్లో కూర్చుని, ఎడమకే కదా ఉంది, ఎడమకే కదా ఉంది అని లోలోపల అనుకుంటూనే ఉన్నాను. కాలు తీసేశారు.

ఆసుపత్రిలో అడిగిన మాట

రాజలింగును సస్పెండ్ చేశారు. డ్రైవర్ లాంచిని కుడికి తిప్పాడు, పుట్టి నలిగింది, ఇవి రెండూ నిజాలే. విచారణలో నన్ను అడిగినప్పుడు అవే చెప్పాను. తిప్పమన్నది నేనని చెప్పలేదు. అబద్ధం ఆడలేదు కదా అనుకున్నాను. పుట్టి ఎడమ నుంచి కుడికి జరిగి ఉంటుందని, రాజలింగు అవసరానికి మించి తిప్పి ఉంటాడని నాకు నేను చెప్పుకున్నాను. రాజలింగు కూడా నా పేరు ఎత్తలేదని తర్వాత తెలిసింది.

పదకొండో రోజున బత్తాయిలు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాను. పోశన్న భార్య మంచం పక్కన స్టూలు నాకిచ్చి, నీళ్లు తేవడానికి వెళ్లింది. పోశన్న ఆమె వెళ్లేదాకా ఆగాడు. ఎప్పుడూ మేడం అనేవాడు ఆ రోజు బిడ్డా అన్నాడు.

"బిడ్డా, ఒక్కటడుగుత. నిజం చెప్పుర్రి. గాబర్ల నేను రెండు కొట్టిన్నా?"

నాకు అర్థం కాలేదు.

"ఒక్కటే కొట్టిన అనుకుంటున్న. కండ్లు మూస్తె రెండు కొట్టినట్టనిపిస్తది. రెండు ఇని రాజలింగు ఎనుకకొచ్చిండేమో. గట్లయితె తప్పు నాది గద. ఆని నౌకరి తీస్తున్నరంట."

కాలు పోయిన మనిషి పదకొండు రోజులుగా తన కట్టె తప్పు కొట్టిందేమో అని లెక్క సరిచూసుకుంటున్నాడు. నా చేతిలో బత్తాయిల సంచి ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"ఒక్కటే కొట్టినవ్ పోశన్నా," అన్నాను. "చెక్క మీదనే. మేమిద్దరం ఇన్నం."

అతని ముఖం ముందు తేలికపడింది. తర్వాత మెల్లగా మారింది.

"ఇన్నరా? ఇని గూడ నా మీదికే అచ్చిన్రా?"

టీవీలో నువ్వు ఎడమకు కనిపించావని చెప్పాను.

"నేను ఎడమకు పోనే లేదు బిడ్డా. కుడిగోడ పట్టుకొనే లోపటికొచ్చిన. గోడ ఇడువనే లేదు."

బకెట్

అదే సాయంత్రం బస్సు దిగి నేరుగా లాంచి దగ్గరికి వెళ్లాను. అదే బకెట్, అదే తాడు. ఈసారి డెక్ కుడి అంచున, టేకు చెక్క పక్కన వేలాడదీశాను. ముందుకు వచ్చి టీవీ వేశాను.

బకెట్ ఎడమ వైపు ఉంది.

తప్పు అంచున కట్టానేమో అనుకున్నాను. వెనక్కి వెళ్లి చెక్కను చేత్తో తడిమి చూశాను. కుడే. మళ్లీ ముందుకు వచ్చాను. ఎడమే. మూడోసారి వెళ్లినప్పుడు డెక్ మీదే కూర్చుండిపోయాను. కడుపు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను, లోపలి పిల్లకు కూడా ఇది తెలిసిపోయినట్టు.

కొత్తగా వచ్చే అమ్మాయి కోసం ఇది వివరంగా రాస్తాను. లారీ అద్దంలో చూస్తే కుడి పక్క ఉన్నది కుడి పక్కే కనిపిస్తుంది. కెమెరా అద్దం కాదు. అది మనకు వీపు పెట్టి, వెనక్కి తిరిగి నిలబడిన మనిషి. ఆ మనిషి కుడి మన ఎడమ. అతను చూసింది ఉన్నదున్నట్టు టీవీలో వేస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి. ఖానాపూర్‌లో ఫోను బూత్ నుంచి దుబాయికి ఫోన్ చేసి బావను అడిగాను. యాట్ కెమెరాలు బొమ్మను తిప్పి చూపిస్తాయట, దుకాణంవాటికి ఆ అవసరం లేదట. "అందుకే వేరే ఉంటది అన్న గద మరదలా," అన్నాడు. ఏమైంది అని అడిగాడు. చెప్పాను.

అంటే ఆ గురువారం లాంచిలో ఉన్న వాటిలో తప్పు చెప్పింది టీవీ ఒక్కటే. కట్టె సరిగ్గా చెప్పింది. రాజలింగు చెవి సరిగ్గా విన్నది. రెండింటినీ కాదన్నది నేను, చదువుకున్నదాన్ని కాబట్టి.

మంచివాడైన పై అధికారి

మర్నాడు ఈఈ గారికి చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. నేను రాగానే కుర్చీ వేయించి, ఫ్యాను నా వైపు తిప్పించాడు. అంతా విన్నాడు.

"ఆ టీవీ పెట్టమని కాగితం ఉందా? లేదు. లేనిదాన్ని లేనట్టే ఉంచు తల్లీ. స్టీరింగ్ తిప్పింది అతనే కదా. నువ్వు కడుపుతో ఉన్నావు, ఇవన్నీ తలకెక్కించుకోకు."

అంత ప్రేమగా చెప్పాడు. కోపగించుకుని ఉంటే నాకు తేలికగా ఉండేది. తలూపి బయటికి వచ్చాను, మెట్లు దిగాను, జీపు దాకా నడిచాను. ఆయన చెప్పినదానికి సగం ఒప్పుకున్నాను, అది కూడా రాయడం నిజాయితీ. జీపులో కూర్చున్నాక పోశన్న అడిగిన మాట గుర్తొచ్చింది. నేను నోరు మూసుకుంటే రాజలింగు ఇంటికి పోతాడు, పోశన్న ఆ ఒక్క దెబ్బనూ రెండు దెబ్బలనూ బతికినంతకాలం లెక్కపెట్టుకుంటాడు. వెనక్కి వెళ్లి, తిప్పమన్నది నేను, కెమెరా పెట్టింది నేను, వెనక మనిషిని తీసేసింది నేను అని రాసిచ్చాను. ఆయన ఆ కాగితం చదివి కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. "నీ ఇష్టం," అన్నాడు. నాకు పడిన శిక్ష గురించి రాయను. ఒక కాలుకు అది సరిపోదు.

ఈ ఉద్యోగంలో చెడ్డ అధికారులను చూసి భయపడనక్కర్లేదు, వాళ్లు ఎక్కడున్నారో తెలుస్తూనే ఉంటుంది. మనల్ని కాపాడుతానంటూ ఇంకొకరిని ముందుకు తోసే మంచివాళ్లతో జాగ్రత్త.

నస్పూర్‌లో

రాజలింగు ఇంటికి నేనే వెళ్లి చెప్పాను. అతని భార్య ఛాయ్ ఇచ్చింది, నాతో మాట్లాడలేదు. రాజలింగు బకెట్ సంగతి అంతా విన్నాడు. నా పేరు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"మీరు కడుపుతోనున్నరు. అదొకటి. ఇంకోటేందంటే, పన్నెండేండ్లు ఆని కట్టె చప్పుడు ఇన్నోన్ని మేడం. ఆ దినం గూడ ఇన్న. ఇని తిప్పిన. మీరు చెప్పిన్రని తిప్పిన, నిజమే. గని చెయ్యి నాదే గద."

తప్పంతా నాదే అన్నాను. కాదన్నాడు. సగం కూడా నాకు ఇవ్వకుండా పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు లోపలి నుంచి భార్య మొదటిసారి మాట్లాడింది. "ఇద్దరు పంచుకుంటరు మంచిగనే. కాలు మాత్రం ఆనొక్కనిదే పాయె."

నెలన్నరకు రాజలింగు ఉద్యోగంలోకి తిరిగి వచ్చాడు. వచ్చిన రోజే ఆ టీవీని విప్పి ముందు వైపుకు, తనకు వీపు ఉండేలా తిప్పి బిగించాడు. దాని ఎదురుగా తన పాత లారీ అద్దం పెట్టాడు. ఇప్పుడు టీవీని అద్దంలో చూస్తాడు. తారుమారైన బొమ్మ అద్దంలో మళ్లీ తారుమారై సరిగ్గా కనిపిస్తుంది. అయిదు నిమిషాల పని. నేను నోరు తెరిచి చూస్తూ నిలబడ్డాను.

"గిది దూరం సూసెటందుకు," అన్నాడు. "దగ్గరికి కట్టెనే. కట్టె చప్పుడు లేంది నేను గేరెయ్య."

పోశన్న కట్టె కాలు పెట్టించుకుని ఎండాకాలానికి తిరిగి వచ్చాడు. వెనక డెక్ మీద అతనికి ఒక ఇనుప స్టూలు బిగించాం.

వచ్చేవాళ్లకు

కొత్త యంత్రం పెట్టు, తప్పకుండా పెట్టు. కెమెరా చెడ్డది కాదు, ఆ రాతి పాయలో ఇప్పుడది బాగా పనికొస్తోంది. కానీ పరీక్షించేటప్పుడు బకెట్‌ను నడుమ కట్టకు. అంచున కట్టు, ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క. యంత్రం వచ్చిందని మనిషిని తీసేసేముందు ఆ మనిషి ఏమేం చేస్తున్నాడో రెండు రోజులు పక్కన నిలబడి చూడు. నీ కళ్లకు కనిపించేది ఒకటి, పాత మనిషి చెవికి వినిపించేది ఒకటి అయితే ఇంజను ఆపు. ఎవరిది నిజమో ఆగాక తేల్చుకోవచ్చు.

నేను మానేసింది శిక్ష వల్ల కాదు. పాప పుట్టాక తిరిగి వెళ్లాను. కానీ వెనక్కి రమ్మని చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ నా గొంతు పెగిలేది కాదు. ఆ మాట చెప్పలేనివాళ్లు ఆ కుర్చీలో ఉండకూడదు. ఇప్పుడు మా వీధిలో ఆటో వెనక్కి వస్తుంటే పాపను ఎత్తుకుని, దాని వెనక ఎవరైనా ఉన్నారేమో చూడటానికి బయటికి పరుగెత్తుతాను. మా ఆయన నవ్వుతాడు, తర్వాత నవ్వడం ఆపేస్తాడు.

చివరి రోజున పది నెలల పాపను తీసుకుని లాంచి దగ్గరికి వెళ్లాను. పోశన్న స్టూలు మీద నుంచి చేతులు చాచి పాపను తీసుకుని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. వెదురు కట్టె నాకు ఇచ్చాడు.

"ఇయ్యాల మీరు కొట్టుర్రి."

ముందు రాజలింగు ఇంజను మోగించి కూర్చున్నాడు. నేను కుడికి చూశాను. ఎడమకు చూశాను. రెండు గోడలు, నడుమ నీళ్లు, ఒక్క పుట్టి లేదు. మళ్లీ చూశాను. వంగి డెక్ కింద చూశాను. కట్టె ఎత్తాను, చెయ్యి కిందికి రాలేదు. రాజలింగు ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు, ఏమైందని అడగలేదు. ఇంజను అలాగే మోగుతూ ఉంది.

"ఎవ్వలు లేరు బిడ్డా," అన్నాడు పోశన్న. "నేను గూడ ఈన్నే ఉన్న."

చెక్క మీద రెండు కొట్టాను. లాంచి మెల్లగా వెనక్కి కదిలింది.